ఖాళీ చెట్టు కింద నోరా

మొదట వినిపించింది గొంతు. తడిసిన అడవి లోపల్నించి పొడవుగా సాగుతూ, పాత బావి మీద గిలక తిరిగినట్టు, విషాదంగానూ ఆనందంగానూ ఒకేసారి. కాసేపు అది కదులుతూ వచ్చింది. ఒకచోట తచ్చాడింది. తర్వాత నిలబడి పొట్టి పొట్టి అరుపులుగా తెగి, చూరు నీళ్ళలా ఆగకుండా రాలింది.

ఆ తర్వాతే ఫెర్న్ ఆకుల్ని పక్కకు తోసుకుంటూ పచ్చ రెయిన్‌కోటు ఒకటి కనిపించింది. అందులో దేవమణి. ఆవిడ ఫోన్లో ముందే చెప్పింది: గేటు దగ్గర సంచిలో ఒక పాత జంతువు తోలు ఉంటుంది, దాన్ని నేలమీద ఈడ్చుకుంటూ వెళ్ళి ఒక చెట్టు మొదలుకి రుద్ది, వేరే చెట్టుమీద ఆకుల్లో దాచాలి, ఏ చెట్టో తనకి కూడా చెప్పకూడదు. అలాగే చేసి, దూరంగా నిలబడి చూస్తున్నాను.

దేవమణిది బాపట్ల. ఐర్లండులో ఎన్నిస్ అనే ఊరి బయట ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. అరుస్తున్నది నోరా. నల్లటి ఒళ్ళు, కనుబొమల మీద తేనెరంగు చుక్కలు, తల వంచితే నేలను తుడిచే చెవులు. టామీ అనే ముసలాయన పెంచిన కుక్క అది. దేవమణి ఆయన ఇంట్లో వెనక గదుల్లో అద్దెకుండేది. మొదటిసారి ఈ సంగతి ఫోన్లో చెప్తే వాళ్ళమ్మ పడీ పడీ నవ్విందట. "పేర్లు తారుమారైనట్టున్నాయే పిల్లా! మనిషి టామీ, కుక్క నోరానా?"

టామీ కుర్రతనంలో టెన్నెసీ కొండల్లో రంపపు మిల్లులో పనిచేశాడు. అక్కడ రకూన్లని వేటాడేవాళ్ళు. కళ్ళచుట్టూ నల్ల పట్టీలతో, పిల్లికన్నా కాస్త పెద్దగా ఉండే జంతువు రకూన్. తరిమితే చెట్టెక్కుతుంది. ఏ చెట్టెక్కిందో చీకట్లో కుక్కే చెప్పాలి. ఐర్లండుకి తిరిగొస్తూ ఆయన ఒక కుక్కల జతనీ, ఒక రకూన్ తోలునీ తెచ్చుకున్నాడు. ఇక్కడ రకూన్లు లేవు. అయినా ఆ కుక్కల పిల్లలకీ, వాటి పిల్లలకీ ఆ తోలుతోనే చదువు చెప్పాడు. ఆ వంశంలో చివరిది నోరా.

డ్యూటీ లేని సాయంత్రాలు దేవమణి ఆయన వెంట అడవికి వెళ్ళేది. ఆయన తోలుని ఒక చెట్టు మొదలుకి బాగా రుద్ది, ఎత్తి పట్టుకుని, ఇంకో చెట్టుమీద కట్టేవాడు. రకూన్ కూడా అంతేనట. ఒక చెట్టుని పట్టుకుని కాస్త ఎక్కి, దూకి వేరే చెట్టుకి పోతుంది. తొందరపడే కుక్క వాసన తగలగానే మొదటి చెట్టు కిందే నిలబడి అరుస్తుంది. నోరా అరిచేది కాదు. ఆ చెట్టు చుట్టూ పెద్ద గిరి గీసినట్టు తిరిగేది. వాసన ఇంకో చెట్టుకి సాగితే అటు వెళ్ళేది. అక్కడినుంచి బయటికి పోలేదని తేల్చుకున్నాకే పైకి చూసి గొంతు విప్పేది.

"ముక్కు దానితోనే పుట్టింది మణీ," అనేవాడు టామీ. "నిజం మాత్రం మనం నేర్పాలి. పైనున్నదాన్ని నీ కళ్ళతో చూసేదాకా దాన్ని మెచ్చుకోకు. ఖాళీ చెట్టు కింద ఒక్కసారి తల నిమిరావా, ఇక నీకోసం అరుస్తుంది."

తర్వాత టామీ పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్నాడు. దేవమణి పనిచేసే హోమ్‌కే వచ్చాడు. వస్తూ నోరా గొలుసుని ఆవిడ చేతికిచ్చాడు.

కోవిడ్ మొదలైన ఆ మార్చిలో, వీలున్న నర్సులు హోమ్‌లోనే ఉండిపోవాలన్నారు. కుక్క ఎక్కడుండాలి? షానన్‌లో మోజెస్ ఉన్నాడు. రేపల్లె అబ్బాయి, ఒకే చర్చి, నోటినిండా అక్కా అని పిలిచేవాడు. ఎయిర్‌పోర్టులో సామాన్లెత్తే పని. విమానాలు ఆగిపోయి ఇంట్లో కూర్చున్నాడు.

"నువ్వు ధైర్యంగా ఎళ్ళక్కా. మా పాప అబిగేయిల్‌కి తోడుంటది," అన్నాడు.

"ఇంట్లో ఏం పెట్టినా ఊరుకుంటా తమ్ముడూ. చెట్టు దగ్గర మాత్రం ఏం పెట్టొద్దు. శభాష్ కూడా అనొద్దు."

"చెట్టు దగ్గర నేనేం పెడతానక్కా, పొంగళ్ళా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంటినుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదు, రోడ్లమీద పోలీసులు. దేవమణి నోరాని చూడలేకపోయింది. హోమ్‌లో మంచం తర్వాత మంచం ఖాళీ అవుతూ వచ్చింది. రోజూ సాయంత్రం మాస్కు వెనకనుంచి టామీకి ఒకే మాట చెప్పేది, మోజెస్ పంపిన మాట: నోరా గ్రాండ్, అంటే బాగుందని. ఆయన కళ్ళు మూసుకుని, ఆ మాటని చప్పరిస్తున్నట్టు, చాలాసేపు అలాగే ఉండేవాడు.

వేసవిలో కుక్క తిరిగొచ్చింది, నిగనిగలాడుతూ, కాస్త ఒళ్ళు చేసి. "నువ్వెట్టా ఇచ్చావో అట్టాగే అప్పజెప్తున్నానక్కా," అన్నాడు మోజెస్.

ఆకులు రాలే రోజుల్లో విచిత్రం జరిగింది. ఎవరో దొంగచాటుగా పెంచుకుంటున్న రకూన్ ఒకటి తప్పించుకుని ఈ అడవిలో దూరింది. కోళ్ళు పోతున్నాయి. దాన్ని ప్రాణంతో పట్టడానికి అడవి శాఖ మనిషి బోను తెచ్చాడు, కానీ ఏ చెట్టు కింద పెట్టాలి? దేవమణి నోరా సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నం టామీ తల దువ్వించుకుని, ఫోను చెవికి ఆనించుకుని, కిటికీ పక్కన కూర్చున్నాడట. ఒక బతుకంతా తోలు వెంట తిప్పిన కుక్కలకి, చిట్టచివరికి నిజం జంతువు దొరికింది.

నోరా వాసన పట్టింది. పరుగెత్తింది. ఒక యాష్ చెట్టు కింద నిలబడి అరిచింది. బోను మనిషి బోను దించాడు. దేవమణి ఫోను గాల్లోకి ఎత్తి పట్టుకుంది.

"మణీ," అన్నాడు టామీ, "అది మధ్యమధ్యలో ఆగుతోంది."

"ఊపిరి కోసమేమో."

"కాదు. ఆగినప్పుడు ఎటు చూస్తోందో చూడు."

చూసింది. నోరా చెట్టు పైకి చూడటం లేదు. దేవమణి కోటు జేబుని చూస్తోంది.

"పైన జంతువుంటే కుక్కకి మనిషి గుర్తుకురాడు," అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

మర్నాడు బోను ఖాళీ. అడవికి అవతల ఇంకో ఇంట్లో కోళ్ళు పోయాయి. చివరికి ఏ కుక్క సాయమూ లేకుండా, ఎవరిదో కట్టెల షెడ్డులో దొరికింది రకూన్.

దేవమణి టీ తీసుకెళితే టామీ కిటికీలోంచి ముఖం తిప్పలేదు. "దానికి అబద్ధం నేర్పింది నువ్వేనా?" అని మాత్రం అడిగాడు.

మోజెస్‌కి ఫోన్ చేసింది. "దేవుని తోడక్కా, చెట్టు దగ్గర ఏమీ పెట్టలేదు," అన్నాడు. నమ్మింది. నమ్మింది కాబట్టే, తన తప్పేమిటో వెతుక్కుంటూ చాలా రోజులు నలిగింది. మళ్ళీ పెట్టిన ఆంక్షలు సడలించాక ఒక ఆదివారం నోరాని తీసుకుని వాళ్ళింటికెళ్ళింది, అబిగేయిల్ అడుగుతోందని.

పిల్ల పెరట్లోకి పరుగెత్తి బట్టలారేసే స్తంభాన్ని అరచేత్తో తట్టింది. "నోరా, ట్రీ!"

నోరా స్తంభం మీద కాళ్ళు పెట్టి అరిచింది. అరిచి, ఆగి, వెనక్కి చూసింది. పిల్ల అప్పటికే వంటింటి అలమర తెరిచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. "షీ ఈజ్ బ్రిలియంట్, ఆంటీ! డాడీ టాట్ హర్!"

మోజెస్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దేవుని తోడన్నావు," అంది దేవమణి.

"పిల్ల రోజూ ఏడ్చేదక్కా. స్కూల్లేదు, తోటి పిల్లల్లేరు. ఇది అరిస్తే నవ్వేది. ఒక్క బిస్కెట్టు."

"బిస్కెట్టు గురించి కాదురా. పిల్ల నవ్విందని చెబితే నేను కాదనేదాన్నా? తిరిగిచ్చిన రోజున ఎందుకు చెప్పలేదు? నేను అడిగిన రోజున ఎందుకు చెప్పలేదు?"

"బాధపడతావని."

"ఎవరు? నేనా, నువ్వా?"

మోజెస్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "కుక్కే కదక్కా, దానికింత గొడవేంటి!"

ఆ మాటతో ఆవిడ గొలుసు పట్టుకుని లేచింది. ఇప్పటికీ చర్చిలో అతను అక్కా అంటే ఆవిడ తలూపుతుంది. అంతవరకే.

జరిగింది టామీకి చెప్పింది. ఆయన అంతా విన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. "ఆ అబ్బాయెవరో నాకు తెలియదు మణీ," అన్నాడు. "నేనిచ్చింది నీ చేతికి."

కొత్త ఏడాది మొదట్లో ఆయనకి జ్వరమొచ్చింది. మేనకోడలు ఫోన్లో ప్రార్థన చదువుతుంటే ఆ ఫోను పట్టుకుని నిలబడింది దేవమణి. చివరిదాకా ఆయన నోరా పేరెత్తలేదు. ఆ పేరు కోసమే ఆవిడ చెవులు ఆ గదిలో ఎదురుచూశాయి.

అప్పట్నుంచీ తోలు ఈ అడవిలో మళ్ళీ తిరుగుతోంది. నోరా ఖాళీ చెట్టు కింద అరిస్తే దేవమణి తిట్టదు, కొట్టదు. ముఖం అటు తిప్పి చెట్టు వేళ్ళ మీద కూర్చుంటుంది. అరుపు దానంతటదే సిగ్గుపడి చల్లారేదాకా, వానలోనైనా సరే. తోలు తనే కడితే తన చూపే చెట్టుని పట్టించేస్తుందని, కట్టే పని ఇతరుల చేతికిస్తుంది.

ఇవాళ నోరా మొదటి చెట్టు దగ్గర ఆగలేదు. తిరిగింది, ఇంకా వెడల్పుగా తిరిగింది, తోలున్న ఓక్ చెట్టు కిందికే వచ్చింది. అరుపుల మధ్య ఎడం లేదు. వెనక్కి చూడనేలేదు. తడిసిన చెవులు ఊగుతుంటే, దాని ఒళ్ళంతా ఆ కొమ్మలోకే చూస్తోంది.

దగ్గరికెళ్ళాను. తోలు అక్కడే ఉందని తెలుసు కనక, నా చెయ్యి దాని తల మీదికి వెళ్ళింది. దేవమణి గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా, గట్టిగా ఉన్నాయి.

"ఇదే చెట్టండీ," అన్నాను. "నేనే కట్టాను."

ఆవిడ నా వైపు చూడలేదు. ఒక చేత్తో నా చేతిని అలాగే ఆపి, ఇంకో చేత్తో కళ్ళకి వాన అడ్డం పెట్టుకుని, తల ఎత్తింది.

"మీరు కట్టే ఉంటారండీ. ముందు నన్ను చూడనివ్వండి."