బావగారి బ్యాటరీ పరీక్ష

బావగారికి లోకంలో అందరి మీదా నమ్మకమే. రేపు తప్పకుండా ఇస్తానన్న దర్జీని నమ్ముతారు. అయిదు నిమిషాల్లో వస్తున్నానన్న కుళాయి మేస్త్రీని నమ్మి పూటంతా గుమ్మంలో నిలబడతారు. ఆయన నమ్మనిది ఒక్కటే, ఫోను పెట్టె మీద అచ్చు వేసిన బ్యాటరీ అంకె. అది కనబడితే చాలు, కళ్ళు చిన్నవి చేసి పెట్టెను అటూ ఇటూ తిప్పి, “ఎవడు చూసొచ్చాడు?” అంటారు.

ఆయన ఇంట్లో కూర్చుని నమ్మకపోతే ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా ఆయన పనిచేసేది ఫోన్ల కొట్లో కావడమే. కొట్టు తమ్ముడిది. తమ్ముడు సరుకు ఓడలో ఇంజను మెకానిక్కు. అతను సముద్రం మీదుంటే కొట్టు భారం మరదలిది. చేదోడుగా ఉంటారని ఆవిడే బావగారిని పిలిచి స్టూలు వేసింది. ఆనాటి నుంచి ఆ కొట్లో ఫోను కొనడం ఉద్యోగం తెచ్చుకోవడం కన్నా కష్టమైపోయింది.

ఎందుకంటే, కొనేవాడి బతుకు ఒక రోజు తాను బతికి చూస్తే తప్ప బావగారు ఫోను చేతికివ్వరు. లెక్కల మాస్టారొకాయన వస్తే, ఆయన అడిగిన ఫోను బావగారు తన జేబులో వేసుకుని బడికి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు. ఒక లెక్క తప్పు చేసి బోర్డు దగ్గర నిలబడ్డారు కూడా. సాయంత్రం తిరిగొచ్చి, “మీరు బడిలో ఉన్నంతసేపూ ఫోను సొరుగులోనే ఉంటుంది మాస్టారూ. మీకు అయిదు వేల ఎంఏహెచ్ బ్యాటరీ దేనికండీ, ఉన్నదే వాడుకోండి” అని చెప్పారు. మాస్టారు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. మరదలు నెత్తి కొట్టుకుంది.

ట్రాఫిక్ కానిస్టేబులు విషయంలో మరీ విడ్డూరం. ఎండలో తెర వెలుగు పెంచుకోవాలి కదా, బ్యాటరీ ఎంత తాగుతుందో చూద్దామని బావగారు కూడలి మధ్యలో అతని పక్కనే నిలబడ్డారు. నడుమ ఓసారి వీపు గోక్కుందామని చెయ్యెత్తితే నాలుగు వైపులా బళ్ళు ఆగిపోయాయి. కానిస్టేబులు ఆ పూటే ఫోను కొన్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తారని బావగారిని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ వెళ్ళాడు.

కంపెనీ తరఫు కుర్రాయన కొత్త రకం తెచ్చి, ఇది రెండు రోజులు వస్తుందండీ అన్నప్పుడు బావగారు నింపాదిగా అడిగారు.

“ఎవరి రెండు రోజులు?”

ల్యాబులో వెలుగు తగ్గించి, సిగ్నలు బాగా ఉన్నచోట, ఒకే వీడియో ఆపకుండా ఆడించి చూశామని కుర్రాయన వివరించాడు. మరి ఆ చూసినవాడికి మధ్యలో ఎవరూ ఫోను చెయ్యలేదా, వాడికి ఎండలోకి వెళ్ళే పని పడలేదా, వాడు దారి తప్పి మ్యాపు చూసుకోలేదా అని బావగారు ఆరా తీశారు. లేదండీ అన్నాడతను. బావగారికి ఆ ల్యాబు మనిషి మీద నిజంగానే జాలేసింది. “పాపం, నా అన్నవాళ్ళు లేరు కాబోలు” అని ఆ పూటంతా బాధపడ్డారు.

ఇదంతా మరదలు పళ్ళబిగువున భరించింది. భరించలేనిది తన సొంత ఫోను సంగతి. ఫోన్ల కొట్టు నడిపే మనిషి ఫోను మధ్యాహ్నం టీ వేళకి చచ్చి ఊరుకునేది. మొగుడికి సముద్రంలో సిగ్నలుండదు. ఓడ తీరం దగ్గరికొచ్చినప్పుడే మాట. సరిగ్గా ఆ వేళకే ఈవిడ ఫోను నల్లగా పడుండేది. ఛార్జింగ్ పెట్టి తెరిచి చూస్తే అతను ఫోను చేశాడని మెసేజీ వచ్చి ఉండేది. అప్పటికి ఓడ మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోయేది. ఇలా పోయినసారీ, అంతకు ముందుసారీ తప్పిపోయింది. అతని గొంతు ఎలా ఉంటుందో మర్చిపోతానేమోనని ఆవిడకు భయం పట్టుకుంది.

ఆరు వేల ఎంఏహెచ్ ఫోను ఒకటి తీసుకుంటానంది. కొట్టు తనది, ఫోను తనది. అయినా బావగారు పెట్టె మీద చెయ్యి వేసి కదలనివ్వలేదు. తెల్లారి పరీక్ష అన్నారు.

తెల్లారేసరికి ఆయన మరదలి కుర్చీలో ఆవిడ పాత ఫోను పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ తాగే వేళకే పొద్దుటి టీ తాగారు. ఖాళీ స్టూలు వైపు తిరిగి, “బావగారూ, వచ్చినవాళ్ళని ఊరికే పంపించెయ్యకండి” అని ఆవిడ గొంతుతోనే కసిరారు. తాను రోజూ ఇంత కటువుగా అంటున్నానా అని మరదలు బిత్తరపోయింది.

“నీకు ఫోను చూడాలనిపించినప్పుడల్లా ‘చూడండి’ అను, నేను చూస్తాను” అన్నారాయన. “దొంగలెక్క మాత్రం కుదరదమ్మా.”

ఆవిడ చూడండి అంది. ఆయన తెర వెలిగించి, ఆవిడలాగే ఓ క్షణం కళ్ళప్పగించి, లేదమ్మా అని కింద పెట్టారు. పెట్టీ పెట్టకముందే చూడండి అంది. లేదమ్మా అన్నారు. ఛార్జరు కోసం వచ్చినాయన చూడండి, లేదమ్మా, చూడండి, లేదమ్మా అని కాసేపు విని, తన ఛార్జరు బాగానే ఉన్నట్టుందని వెళ్ళిపోయాడు.

పొద్దెక్కేకొద్దీ మరదలికి సిగ్గు ముంచుకొచ్చింది. నోరు బిగబట్టింది. చూపు మాత్రం ఫోను మీద నుంచి కదల్లేదు. బావగారు ఆవిడ ముఖం వంక చూడకుండా, అనలేకపోతే తల ఊపినా చాలన్నారు. ఆవిడ ఊపుతూనే ఉంది. మధ్యాహ్నం టీ రాకముందే ఫోను చచ్చిపోయింది.

“ఫోన్లో ఏ తప్పూ లేదమ్మా” అన్నారు బావగారు. “మాటలకి ఒక్క శాతం ఖర్చు కాలేదు. చూసినందుకే మొత్తం పోయింది.”

“అందుకే ఆ ఆరు వేలది ఇవ్వమంటున్నాను.”

“ఆరు వేలది ఇస్తే ఆరు వేలూ చూస్తావు.”

మరదలికి కోపం, ఏడుపు రెండూ కలిసొచ్చాయి. తన మనసు తీసి కౌంటరు మీద పరిచి శాతాలు చెబుతున్నట్టనిపించింది. ఇకనుంచి కొట్టుకి రానక్కర్లేదని మొహానే చెప్పేసింది. బావగారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆయన లేని కొట్లో ఫోన్లు చకచకా అమ్ముడుపోయాయి. అడిగినవాడికి అడిగింది ఇచ్చేయడమే. ఆవిడకేమో ఏమీ తోచలేదు. అంతలో మొగుడు పనిచేసే ఓడల కంపెనీ ఆఫీసు నుంచి గుమాస్తా కొట్టు నంబరుకి ఫోను చేశాడు. మీ బావగారు మా బెంచీ మీద నుంచి లేవడం లేదమ్మా, కాస్త వచ్చి తీసుకెళ్ళండి అని బతిమాలాడు. మధ్యాహ్నానికి నీ ఫోను ఎంత శాతం ఉంటుందని తమ్ముణ్ణి ఓడ రేడియోలో అడిగిస్తే గానీ కదలనని కూర్చున్నారట. విసిగిపోయి అడిగిస్తే, ఇదేం సంకేతమో తెలియక కెప్టెను ఓడలో అందరికీ తేలే చొక్కాలు తొడిగించాడట. జవాబు మాత్రం వచ్చింది. సున్నా.

మరదలు వెళ్ళేసరికి బావగారు వరండాలోనే ఎదురొచ్చారు.

“వాడిదీ చచ్చిపోతోందమ్మా. సిగ్నలు లేని సముద్రంలో వాడూ అస్తమానం తీసి తీసి చూస్తున్నాడు. తీరం కనబడేసరికి వాడిది సున్నా. వాడు ఛార్జింగ్ పెట్టుకుని నీకు చేసేసరికి నీది సున్నా. బ్యాటరీలు రెండూ బాగానే ఉన్నాయి, బాగాలేనిది మీ ఇద్దరే.”

మరదలితో అనాల్సిన మాట కాదని అన్నాక తోచిందేమో, చెవులు ఎర్రబడి అక్కడున్న ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలెట్టారు. మరదలికి మాత్రం నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ తానొక్కతే చూస్తున్నాననుకుంది మరి.

ఏర్పాటు కూడా ఆయనే చేసేశారు. ఇద్దరూ పగలు ఫోన్లు కట్టేసి, సాయంత్రం ఆరింటికి మాత్రమే తెరవాలి. ఈ ఉత్తర్వు తమ్ముడికి రేడియోలో అందింది. మరదలి ఫోను బావగారి జేబులోకి వెళ్ళింది. రోజూ ఆరింటికి ఆయన దాన్ని తీసి కౌంటరు మీద పెట్టి, తెర తనవైపు తిప్పుకుని, ఆవిడకు బదులు తానే చూసేవారు. మోగని రోజున మళ్ళీ జేబులో వేసుకునేవారు.

ఒక సాయంత్రం అది మోగింది. బావగారు ఫోను ఆవిడ చేతిలో పెట్టి, ఒక్క అంగలో బయటపడి, షట్టరు సగానికి దించేశారు. కొనడానికి వచ్చినవాళ్ళని మెట్ల మీదే ఆపి, లోపల పరీక్ష జరుగుతోందని చెప్పారు. ఎంతసేపండీ అని ఒకడు గొణిగితే, బ్యాటరీ ఉన్నంతసేపు అన్నారు. షట్టరు కింద నుంచి మరదలి నవ్వు వినిపించింది. తర్వాత పోట్లాట వినిపించింది. మళ్ళీ నవ్వు వినిపించింది. మెట్ల మీద వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు.

వీధి దీపాలు వెలిగాక ఆవిడ షట్టరు కింద నుంచి వంగి బయటికొచ్చింది. ఫోను మాట మధ్యలోనే చచ్చిపోయిందట.

“మాట్లాడే అయిపోయిందా?” అన్నారు బావగారు.

“మాట్లాడే.”

ఆయన లోపలికెళ్ళి ఆరు వేల ఎంఏహెచ్ పెట్టె దించారు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అలా ఆయన ఫోను ఇవ్వడం అదే మొదలు. మరదలు పెట్టె మీద అంకె చూసి, ఇది ఎంతసేపు వస్తుంది బావగారూ అని అడిగింది.

“మీ ఇద్దరికా?” అని ఆయన కాసేపు లెక్క వేశారు. “చాలదమ్మా. ఛార్జరు దగ్గర కూర్చో.”