దుబాయ్‌కి గంటన్నర... దుబాయ్ నుంచి నాలుగున్నర

మా చిన్నప్పుడు... పూండి దగ్గర మా పల్లెలో, ఇసుక మీద ఆరేసిన వలల పక్కన కూర్చుని, నేనూ మా బావా విమానం గురించి జుట్టూజుట్టూ పట్టుకున్నాం. ఇద్దరిలో ఒక్కరమైనా విమానాన్ని దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు.

నాన్న దుబాయ్‌లో వెల్డింగ్ పనికెళ్లి అప్పటికి రెండేళ్లు. వెళ్లేటప్పుడు టిక్కెట్టు ప్రకారం బొంబాయిలో పదింటికి ఎక్కి, దుబాయ్‌లో పదకొండున్నరకి దిగాడట. ఇప్పుడు సెలవు మీద వస్తూ, అక్కడ పదింటికి ఎక్కి బొంబాయిలో రెండున్నరకి దిగుతానని ఫోనులో చెప్పాడు. అంటే వెళ్లడానికి గంటన్నర... రావడానికి నాలుగున్నర గంటలు!

బావ టెక్కలి హాస్టల్లో చదివేవాడు. అందుకని ఇంట్లో వాడు చెప్పిందే వేదం.

“ఎల్లినప్పుడు గాలి ఎనకనుంచి తోసింది. వచ్చినప్పుడు ఎదురుగాలి” అని తేల్చేశాడు. తాత తలూపాడు. సముద్రం మీద తెప్పకి అదే కదా అనుభవం.

నాకు ఒళ్లు మండింది. “గాలి కాదు తాతా... అక్కడి గడియారం మనకన్నా ఎనక నడుత్తాది. అట్లాసులో స్కేలు పెట్టి కొలిసేను. రమారమి రెండువేల కిలోమీటర్లు. ఇమానం గంటకి ఏడొందలేసుకున్నా, అటైనా ఇటైనా మూడు గంటలే.”

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ... అసలు గొడవ వేరే ఉంది. నాన్నని తీసుకురావడానికి పలాస స్టేషనుకెళ్లే జీపులో పిల్లలకి ఒక్క చోటే ఉంది. ఎవరి మాట నిజమైతే వాళ్లే ఎక్కాలని తాత తీర్పు. నాన్న రైలు దిగేసరికి నేను అక్కడ లేకపోతే... ఆ ఊహకే ఏడుపొచ్చేది.

ఆదివారం సాయంత్రం పూండి ఎస్టీడీ బూత్‌కి నాన్న ఫోన్ చేసేవాడు. ఆ వారం అందరం వెళ్లాం. చీకటి పడింది, బూత్‌లో ట్యూబులైటు వేశారు. ఫోను నా చేతికి రాగానే, ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

“నాన్నా, అక్కడ ఎండుందా?”

“ఉందమ్మా. కళ్లు తెరవనీడం నేదు. ఏటి, అలగడిగేవు?”

“అదే మాట తాతకి సెప్పు” అని ఫోను తాత చెవికి ఆనించాను. తాత విన్నాడు. బయట చీకటి వంక చూశాడు. మళ్లీ విన్నాడు.

“జీపులో సోటు ఈ గుంటదేరా” అన్నాడు బావతో, నన్ను చూపిస్తూ.

అప్పుడు బావ మొహం చూడాలి మీరు...

డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చుని, జీడితోటల మధ్య నుంచి పలాస దాకా మహారాణిలా వెళ్లాను. రైలు ఆగింది. నాన్న దిగాడు. ఎగిరి చంకెక్కి, ముందు ఆయన చేతి గడియారం చూశాను. స్టేషను గడియారంతో సరిగ్గా సరిపోయింది.

“బొంబాయిలో దిగ్గానే టైము మార్సేవా నాన్నా?”

“నానెప్పుడూ మార్సనేదమ్మా. రెండేళ్లూ మీ టైమే పెట్టుకున్నాను. నువ్వు బడికెల్లే ఏళ, అన్నం తినే ఏళ నాకు తెలవాల గదా.”

గెలిచానని గంతులెయ్యాలో, ఏడవాలో తెలియలేదు... రెండూ చేశాను.

ఇప్పుడు విమానం ఎక్కడుందో, ఎన్నింటికి దిగుతుందో ఫోనే చూపించేస్తోంది. మా పిల్లలకి ఆ లెక్కతో పనే లేదు... జీపులో చోటు కోసం పోట్లాటా లేదు.

మీ ఇంట్లో కూడా ఇలా దూరాన ఉండి, మీ టైముతో బతికినవాళ్లు ఉన్నారా? ఉంటే చెప్పండి... వినాలనుంది.