బొట్లు పెట్టిన పుస్తకం

దంతాలపల్లిలో బట్టలు కుట్టే కొమురమ్మకు చదువు రాదు. కూతురికి బడిలో బహుమతిగా వచ్చిన పిల్లల నవల అట్ట మీద గరుత్మంతుణ్ణి చూసి, దేవుడి పుస్తకమే అనుకుంది. ఏటా దసరాకు కుట్టుమిషన్‌తో పాటు దానికీ పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి మొక్కేది.

ఆ నవల తొలి ముద్రణ ప్రతి కోసం ఎన్నాళ్లుగానో వెతుకుతున్న ఎల్లేశ్, ఆమె కూతురు చెప్పగా జనగామ నుంచి వచ్చాడు. పేజీలు నలగనే లేదు. అట్ట మాత్రం మరకలమయం.

"గీ బొట్లు పెట్టకుంటె ఎంత మంచిగుండునక్కా!" అని తల పట్టుకున్నాడు.

కొమురమ్మ మిషన్ ఆపలేదు.

"బిడ్డ పుస్తకాలన్నీ పొయ్యిల పెట్టిన తమ్మీ. బొట్లున్నయని గిదొక్కదాన్నే ఇడిసిపెట్టిన."