బ్లాగు ఇల్లు మారిన వారం

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. పావగడ దగ్గర వై.ఎన్.హొసకోటలో నాకొక చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లిపత్రికలో మేనమామల వరుస మళ్లీ మార్చమని వచ్చేవాళ్లు ముందు నా మొహం చూసి, ఆ తర్వాతే గడప ఎక్కుతారు.

ఆ షాపు పేరుతో నాకొక డొమైన్, దాని మీద ఒక బ్లాగు ఉన్నాయి. పత్రికల నమూనాలు, జాతర ఫోటోలు, సోలార్ పార్కు పలకలు రాకముందు మా చేలు ఎట్లా ఉండేవో చెప్పే రాతలు అందులో పెడుతుంటాను. ఆ డొమైన్‌తో పాటు వచ్చిన ఈమెయిల్ అడ్రసు ఇంటిల్లిపాదికీ ఒక్కటే. మా వైపు ఇది మామూలు సంగతి. ఒకప్పుడు ఊరి ఉత్తరాలన్నీ ఏదో ఒక అంగడికి చేరేవి. ఇప్పుడు గ్యాస్ బుకింగు, నాయన కంటి రిపోర్టు, చెల్లెలి ఐటీఐ మార్కులు అన్నీ నా ఇన్‌బాక్సులోనే వచ్చి పడతాయి.

బ్లాగును, మెయిల్‌ను నెట్‌లో ఉంచే పాత కంపెనీ దగ్గర బ్లాగు మరీ నత్తనడక నడిచేది. "నీ ఫోటో తెరుసుకునే లోపల ముహూర్తం దాటిపోతాదన్నా" అని ఒక పెళ్లికొడుకు నా ఎదురుగానే నవ్వాడు. ఇక లాభం లేదని రెండింటినీ వేరే కంపెనీకి మార్చేయాలనుకున్నాను.

సరిగ్గా ఆ వారమే మా చెల్లెలు ఒక మెయిల్ కోసం ఎదురుచూస్తోంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, సోలార్ పార్కులో పలకల బాగోగులు చూసే ఒక సంస్థకు ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. ఎంపికైన వాళ్లకు మెయిల్ వస్తుందన్నారట. తను ఇచ్చింది నా అడ్రసే.

"ఇప్పుడే మార్చల్లా అన్నా? నాది వచ్చినంక మార్చరాదా?"

"నీ మెయిల్‌కి కాళ్లుండాయా, దారి తప్పేకి? అడ్రసు అదే ఉంటాది. ఇల్లు మారుతాది, అంతే" అని కసిరాను.

నేను చెప్పింది ఒక రకంగా నిజమే. డొమైన్ అంటే పేరు మాత్రమే. ఆ పేరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లను ఏ చోటికి పంపాలో చెప్పే సెట్టింగులు వేరే ఉంటాయి. బ్లాగుకొకటి, మెయిలుకొకటి. కొత్త కంపెనీ సహాయ విభాగంలో ఒక అమ్మాయి చాట్‌లో అన్నీ దగ్గరుండి చేయించింది. ఏ ఊరి పిల్లో తెలియదు. నేను విసుక్కున్నా తను విసుక్కోలేదు. ఈ మార్పు అందరికీ తెలిసేసరికి కొంత సమయం పడుతుందని కూడా చెప్పింది. నేను సరే సరే అన్నాను.

నా ఫోన్ నుంచే ఒక మెయిల్ పంపుకుని చూస్తే టక్కున కొత్త చోటికి వచ్చింది. ఇంకేం, పని అయిపోయింది! పాత ఖాతా మూసేద్దామని మౌస్ మీద చెయ్యి పెట్టాను. మాత్రల కోసం ఊళ్లోకొచ్చిన మా నాయన బల్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

"ఇల్లు మారేది అయిపాయనా?"

"అయిపాయ నాయనా. పాతది మూసేస్తాండా."

"ఆడ ఎవురన్నా ఉండారా?"

"యాడ?"

"పాత తావులో."

మా నాయన వయసులో ఉన్నన్నాళ్లూ గొర్రెలు కాశాడు. మందను ఒకరి చేలో నుంచి ఇంకొకరి చేలోకి మార్చినప్పుడు, పాత చేలో ఒక మనిషిని తప్పకుండా వదిలి వచ్చేవాళ్లట. వెనకబడ్డ గొర్రెలకు కొత్త చోటు తెలియదు. పొద్దుగూకితే అవి పాత చోటికే వచ్చి నిలబడతాయి.

"మెయిళ్లు గొర్లేంది నాయనా!"

"ఏమోప్పా, నాకేం తెలుసు. ఈ వారం ఉండనీ. దానికేమన్నా మేత ఎయ్యల్లా?"

నేను వదిలేశాను. ఆయన మాట మీద నమ్మకంతో కాదు. ఆయనతో వాదనకు దిగితే సాయంత్రమంతా పోతుందని.

చెల్లెలి మెయిల్ రాలేదు. పొద్దస్తమానం నా ఫోన్ లాక్కుని చూసేది. స్పామ్ కూడా వెతికాం. ఒక మధ్యాహ్నం షాపుకొచ్చి, "నాకు రాలేదంటే రాలేదులే అన్నా. రేపట్నుంచి శెనక్కాయ పీకేకి పోతా" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను తిట్టి ఓదార్చేవాణ్ని. అంతలో తనతో పాటు ఇంటర్వ్యూ ఇచ్చిన పావగడ స్నేహితురాలు ఫోన్ చేసింది. తనకు మెయిల్ వచ్చిందట, వస్తానని ఆ సాయంత్రం లోపల జవాబివ్వాలట, లేకపోతే ఆ చోటు వేరే వాళ్లకు పోతుందట. నీకూ వచ్చిందా అని అడుగుతోంది. చెల్లెలు "లేదు" అని ఫోన్ పెట్టేసింది.

అప్పుడు వెలిగింది నాకు. పాత ఖాతా తెరిచాను. ఉంది! ముందు రోజే వచ్చి, మా చెల్లెలి పేరు మోసుకుని, ఒంటరిగా అక్కడ కూర్చుని ఉంది. ఆ సంస్థ కంప్యూటరుకు ఇంకా పాత దారే తెలుసు. నేను ఖాతా మూసేసి ఉంటే ఆ మెయిల్ వచ్చిన దారినే వెనక్కి పోయేది.

"ఉండాదే! ఉండాది!" అని నేను పెట్టిన కేకకు కరెంటు షాక్ కొట్టిందేమోనని పక్క షాపు టైలరు కత్తెరతోనే పరుగెత్తుకొచ్చాడు. జవాబు నేను టైపు చేయబోతే చెల్లెలు నా చెయ్యి పక్కకు నెట్టి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తనే రాసింది.

ఇంటికెళ్లి నాయనకు చెప్పాను. నీ వల్లే వచ్చింది నాయనా అన్నాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "వచ్చిందా? మంచిదాయ. ఇంగ ఆ మనిషిని పిల్చుకోప్పా, వానికీ ఆకలయితాది" అన్నాడు. ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఈ మాట ఎదురుగా అంటే నవ్వుతాడని ఇక్కడ రాస్తున్నాను.

చెల్లెలు ఉద్యోగంలో చేరింది. ఒక ఆదివారం, ఎండకు నల్లబడ్డ మొహంతో షాపుకొచ్చి, "నాకొక అడ్రసు చేసియ్యన్నా. నా పేరుతో" అంది. చేసిచ్చాను, పాస్‌వర్డు చెప్పాను. తను నా కుర్చీలో కూర్చుని, "అట్ల తిరుక్కో, పాస్‌వర్డు మార్చుకుంటా. ఇంగ నాకొచ్చేటివి నువ్వు సదవద్దు" అంది.

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక కీబోర్డు చప్పుడవుతోంది. కళ్లు తుడుచుకుని, తిరగొచ్చా అని అడిగాను.

"ఇంగా కాలేదు" అంది.