దుప్పటి తాకినా మండిన పాదం

మా జువాలజీ సారు పోయారని నాలుగు రోజుల కిందట పొద్దున్నే ఫోన్ వచ్చింది. గుండెపోటట. బోధన్ కాలేజీలో నాకు ఇంటర్ పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, మా వీధిలోనే ఉండేవారు. మా అమ్మ ఈరోజు నడుస్తోందంటే ఆయన వల్లే.

అమ్మ బీడీలు చుడుతుంది. ఆమధ్య స్కూటర్ తగిలి కుడి పాదం ఎముక విరిగింది. కట్టు విప్పాక ఎక్స్‌రే తీస్తే ఎముక చక్కగా అతికిందని తేలింది. నొప్పి మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది. దుప్పటి తాకినా కెవ్వుమనేది. ఫ్యాను గాలికి కూడా పాదం దాచుకునేది. "పుండు లేదు, వాపు లేదు, గీ నాటకాలేంది?" అంది మా మేనత్త. ఆ తర్వాత అమ్మ నొప్పి మాట ఎత్తడమే మానేసింది. ఒడిలో చాట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరించుకునేది.

ఒక సాయంత్రం సారు వచ్చి, అమ్మ పాదం దాచుకోవడం చూశారు. ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోవడం ఆయన అలవాటు.

"మంటనా, పోటా, సూదులతోటి గుచ్చినట్టా చెల్లె?"

అమ్మ చాలాసేపు ఆలోచించి, "మంట సార్. నిప్పుల మీద పెట్టినట్టు," అంది. ఆ మాట ఆమెను అంతకుముందు ఎవరూ అడగలేదు.

సారు కళ్లు మెరిశాయి. జేబులోంచి సుద్దముక్క తీసి గచ్చు మీద పాదం, వెన్నుపాము, మెదడు గీశారు.

"పాదం పంపిన కబురును వెన్నుపాముల నరాల కణాలు అందుకొని మెదడుకు పంపుతయి. దెబ్బ తాకినప్పుడు కబురు మీద కబురు వస్తది. అందుకునే కణాలు మస్తు హుషారైతయి. నొప్పిని ఆపే కణాలేమో నీరసపడ్తయి. ఒక్కోసారి దెబ్బ మానినా ఆ హుషారు తగ్గదు. గప్పుడు దుప్పటి తాకినా, కాలిందనే చెప్తయి."

"అంటే నాది అబద్ధమా సార్?"

"కాదు చెల్లె. నొప్పి నిజం. ఎక్స్‌రేల కనవడదు, గంతే."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి ఆ కణాలను సముదాయించుడెట్ల?" అంది.

"నాకూ సక్కగ తెల్వదు. తెలుసుకుందాం." తెలియదని చెప్పడానికి ఆయన ఎప్పుడూ మొహమాటపడలేదు. "తెల్వదంటేనే కదరా పాఠం మొదలయ్యేది" అని క్లాసులోనూ అనేవారు.

మర్నాడు తానే ఆటో పిలిచి అమ్మను నొప్పుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు నరాలకు మందు రాశాడు. రోజూ మెత్తటి వస్తువులతో మొదలుపెట్టి మెల్లగా గరుకు వస్తువులు పాదానికి తాకించమన్నాడు. ఆ పని సారు పండగలా చేశారు. మొదట దూది, తర్వాత పట్టుగుడ్డ, తువ్వాలు, ఒకరోజు పసుపు కొమ్ము. తాకించిన ప్రతిసారీ ఎలా ఉందో అడిగేవారు. "రేపేం తెస్తరు సార్?" అని అమ్మ నవ్వుతూ ఎదురుచూసేది. ఎందుకు తగ్గుతోందో ఆయన చెబుతుంటే మా మేనత్త కూడా వచ్చి కూర్చునేది.

నొప్పి పూర్తిగా పోలేదు. కానీ అమ్మ లేచి బజారుకు వెళ్లింది.

నిన్న కందకుర్తి దగ్గర గోదావరిలో ఆయన అస్థికలు కలిపారు. అందరూ గట్టెక్కాక కూడా అమ్మ నీళ్లలోనే ఉంది, ఉత్త కాళ్లతో, గులకరాళ్ల మీద.

"నొస్తుందా అమ్మా?" అన్నాను.

"కొంచెం. ఉండనీ."

తడిసిన చీర కుచ్చిళ్లు పాదాలకు చుట్టుకుంటూ, విడిపోతూ ఉన్నాయి. ఆమె అక్కడే నిలబడి ప్రవాహాన్ని చూస్తోంది.