కరెంటు లేకుండా జరిగిన సీటు

దెయ్యాల్ని నేను నమ్మను. ఇది రాస్తున్న ఈ నిమిషానికి కూడా నమ్మడం లేదు. ఇరవై నాలుగేళ్ళుగా స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో ఉన్నాను. మోటారు తిరిగిందంటే ఎక్కడినుంచో కరెంటు వస్తున్నట్టే. రావడం లేదులే అనుకుని చెయ్యి పెట్టినవాడు ఆసుపత్రిలో తేలతాడు. మా పనిలో నేర్చుకునే మొదటి సంగతి అదే.

కాబట్టి నేను చూసింది, చేసింది మాత్రమే రాస్తాను.

మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో ఒక విదేశీ కారు కొన్నాను. పన్నెండేళ్ళ బండి. నల్ల రంగు, తోలు సీట్లు. కొత్తదాన్నయితే నాలాంటివాడు షోరూం అద్దం బయట నిలబడి చూసి రావలసిందే. ఈ బండి ఉందని నాకు చెప్పింది సూరిబాబు.

సూరిబాబూ నేనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఒకటే షిఫ్టు. చుట్టరికం లేదు గాని ఒకరినొకరం బావ అనే పిలుచుకునేవాళ్ళం. నాది ఆరడుగుల ఎత్తు, అతను నా భుజానికి వస్తాడు. ఒకసారి కరెంటు ఉన్న ప్యానెల్ మీదికి నేను వంగబోతుంటే కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ రోజు అతను లేకపోతే నేను లేను. అతని మాటని నేను మళ్ళీ సరిచూసుకునేవాడిని కాదు.

గాజువాకలో బ్రోకరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. సూరిబాబు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైరుని కాలితో తన్ని చూశాడు. బానెట్ ఎత్తించాడు. నా తరఫున గట్టిగా బేరమాడాడు. ఎవరో డాక్టరుగారి బండి, పెద్దగా తిరగలేదని బ్రోకరు అన్నాడు. ఆర్సీలో ఉన్నదీ డాక్టరు పేరే.

"డాట్రు గారి బండంటే ఇంకేటి సూత్తావు బావ. కల్లు మూసుకుని తీసీసుకో" అన్నాడు సూరిబాబు.

తీసుకున్నాను. మొదటి మూడు నెలలూ ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. తలుపు వేస్తే చాలు, హైవే మీద లారీల మోత అక్కడికక్కడ ఆగిపోయేది. మా ఆవిడ రమణ బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే అదే పదివేలు అనుకునే మనిషి. ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డు మీద వెళ్తుంటే ఆ సీట్లో వెనక్కి వాలి నిద్రపోయేది. ఆమె నిద్ర చెడకుండా నెమ్మదిగా నడిపేవాడిని.

తర్వాత రోగాలు బయటపడ్డాయి. ఒక పక్క సస్పెన్షన్ గాలి దిగిపోయి, తెల్లారేసరికి బండి కుంటి గేదెలా ఒరిగి ఉండేది. ఉప్పుగాలికి కింద తుప్పు పట్టింది. చిన్న సెన్సరు పోయినా ఢిల్లీ నుంచి రావాలి. డాష్‌బోర్డు మీద ఎప్పుడూ ఏదో ఒక ఎర్రదీపం.

"ఇది కారేటి, మా అత్త. రోజుకో సోట నొప్పంతాది" అనేది రమణ. వాళ్ళ అత్త అంటే మా అమ్మే. నేను నవ్వి ఊరుకునేవాడిని.

నాలుగో నెలలో సీటు సంగతి మొదలైంది.

డ్రైవర్ సీటు మోటార్లతో జరుగుతుంది. ఎవరి కొలత వాళ్ళు దాచుకునే బటన్లు కూడా ఉన్నాయి. ఒకరోజు పొద్దున్న డ్యూటీకి తలుపు తీస్తే సీటు బాగా ముందుకి వచ్చేసి, పైకి లేచి ఉంది. నా మోకాళ్ళు స్టీరింగు కింద పట్టలేదు. లోపలి అద్దం కిందికి వంగి ఉంది. పాత బండి కదా, మెమరీ పాడై ఉంటుందనుకుని వెనక్కి జరుపుకుని వెళ్ళిపోయాను. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి అది రోజువారీ అలవాటైపోయింది.

మెమరీ యూనిట్ విప్పి పక్కన పెట్టాను. అయినా జరిగింది. సీటు ఫ్యూజు పీకేశాను. అయినా జరిగింది. ఎవరైనా మారు తాళంతో బండి తీస్తున్నారేమోనని కిలోమీటర్లు రాసి పెట్టుకున్నాను. ఒక్కటి కూడా పెరగలేదు.

ఒక సాయంత్రం బ్యాటరీనే పూర్తిగా తీసి ఇంట్లో పెట్టాను. సీటు పట్టాల మీద సుద్దతో గీత గీశాను. చేత్తోనే తలుపులకి తాళం వేసి, రెండు తాళాలూ బీరువాలో పెట్టాను.

మా వీధిలో కారు మీద రాత్రికి రాత్రే నల్లటి పొడి పేరుకుంటుంది. పొద్దున్న చూస్తే ఆ పొడి ఎక్కడా చెదరలేదు. హ్యాండిళ్ళ మీద వేలిముద్ర లేదు. తలుపు తీశాను. సీటు ముందుకి ఉంది. సుద్ద గీత నుంచి ఆరంగుళాలు. బ్యాటరీ మా వంటగది మూలన ఉంది. దాన్ని తెచ్చి బిగిస్తేగాని సీటు వెనక్కి జరగలేదు.

ఆ రోజు లీవు పెట్టాను. వన్ టౌన్‌లో సీట్ల పనికి పేరున్న ఖాదర్ భాయ్ షెడ్డుకి తీసుకెళ్ళాను. పెద్దాయన. కారుని చూడగానే నా వంక అదోలా చూశాడు.

"ఈ గాడీ నా దగ్గరికి ముందే వచ్చింది సాబ్. ఇదే సీటు కోసం" అన్నాడు.

డాక్టరుగారు తెచ్చారా అని అడిగాను.

"డాక్టర్ కాదు. మీ ప్లాంట్ ఆయనే. పొట్టిగా ఉంటారు. మోటార్ మొత్తం విప్పి చూపించాను. ఖరాబీ ఏమీ లేదు."

నా ఫోనులో మా షిఫ్టు వాళ్ళందరం కలిసి దిగిన ఫోటో ఉంది. తీసి చూపించాను. ఖాదర్ భాయ్ కళ్ళజోడు సర్దుకుని, పదిహేను మందిలో నేరుగా సూరిబాబు మీద వేలు పెట్టాడు.

ఆ షెడ్డు నుంచి ఇంటికి ఏ దారిన వచ్చానో నాకు గుర్తు లేదు. దెయ్యం సంగతి నా బుర్రలో లేదు. తన బండి చుట్టూ తానే తిరిగి, తన టైరుని తానే తన్ని చూసిన మనిషి గుర్తొస్తున్నాడు.

మర్నాడు షిఫ్టు దిగాక గేటు బయట టీ కొట్టు దగ్గర అడిగాను. సూరిబాబు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. బుకాయించలేదు.

"ఎనిమిది నెల్లు నా దగ్గరే ఉంది బావ. కాయితాలు మార్సుకోలేదు. ఆ బ్రోకరు నా తోడల్లుడు."

"సీటు సంగతి తెలిసే నాకు అంటగట్టావా?"

"సెప్తే నువ్వు కొందువా?" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వియ్యన్నీ నమ్మవు కదా. నీకేటీ అవదనుకున్నాను" అన్నాడు.

ఇరవై ఏళ్ళు దాటిన స్నేహంలో నా గురించి అతనికి బాగా తెలిసిన సంగతి అది. దాన్నే నా మీద వాడుకున్నాడు.

లేచి వెళ్ళిపోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీకు కూడా ఎనక్కే ఎల్లిపోతందా?"

వెనక్కి కాదు, ముందుకి వస్తోందన్నాను. అతని మొహం మారిపోయింది.

"నాకు రోజూ ఎనక్కెల్లీది బావ. అద్దం పైకెల్లీది. బాగా పొడుగు మనిసి కూకుని దిగినట్టుండీది. సూసి సూసి, మా బావ కూకున్నట్టుంది కదా అనిపించింది. నీకు అమ్మీడానికి నాకు దైర్నం అక్కడొచ్చింది."

మర్నాడు పొద్దున్నే అతన్ని ఇంటికి రమ్మన్నాను. ఆ పూట సీటుని నేను తాకలేదు. ఎలా ఉందో అలాగే ఉంచి, కూర్చోమన్నాను. సూరిబాబు చెప్పులు కిందే విడిచి కూర్చున్నాడు. పాదాలు పెడళ్ళ మీద సరిగ్గా ఆనాయి. స్టీరింగు చేతికి అందింది. అద్దంలో వెనక రోడ్డంతా కనిపిస్తోందా అని అడిగితే తల ఊపాడు. ఏదీ అంగుళం కూడా సర్దుకోనక్కర్లేకపోయింది. ఒక నిమిషం అలాగే ఉండి, దిగి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి గేటు దాకా వెళ్ళిపోయాడు. రమణ వెనకాలే వెళ్ళి చెప్పులు ఇచ్చి వచ్చింది.

నా బుర్ర ఊరుకోలేదు. అతను వాడినప్పటి కొలత మెమరీలో ఉండిపోయి ఉంటుంది, అతనికి వెనక్కి జరిగింది డాక్టరుగారి కొలత అయి ఉంటుంది అనుకున్నాను. అంతవరకు సరిపోతుంది. మెమరీ యూనిట్ నా టేబుల్ సొరుగులో ఉన్నప్పుడు ఏ కొలత గుర్తుంచుకుంది? బ్యాటరీ వంటగదిలో ఉన్నప్పుడు ఏ కరెంటుతో జరిగింది? ఇద్దరు ఆటో ఎలక్ట్రీషియన్లని అడిగాను. ఒకడు నవ్వాడు. రెండోవాడు నన్ను జాలిగా చూశాడు.

సూరిబాబుతో మాట్లాడడం మానేశాను. అతను వేరే షిఫ్టు అడిగి మార్పించుకున్నాడు. నెల్లాళ్ళకి ఒకరోజు మా ఇంటికి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆ బండి నాకిచ్చీ బావ. నా తప్పు నాను దిద్దుకుంతాను."

ఇవ్వనన్నాను. కోపంకొద్దీ అనుకుని ఉంటాడు. కోపం ఉన్నమాట నిజమే. కాని ఆ బండి అతని వాకిట్లోకి పోతే, ఆ సీటు మళ్ళీ నా కొలతకి వెనక్కి జరుగుతుందేమో. రోజూ పొద్దున్నే అతను తలుపు తీసి, నేను కూర్చుని దిగిపోయిన చోటు చూస్తాడేమో. ఆ ఊహ నాకు భరించరానిదిగా అనిపించింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

కొంటామని ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ముగ్గురూ వెళ్ళిపోయారు.

బండి ఇంకా నా దగ్గరే ఉంది. సీటు ఇంకా ముందుకి జరుగుతూనే ఉంది. ఎలా జరుగుతోందో నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే అది అబద్ధమవుతుంది. రోజూ వెనక్కి జరుపుకుని, అద్దం ఎత్తుకుని వెళ్ళి వస్తుంటాను. మొన్న సోమవారం మాత్రం తలుపు తీసి, కాసేపు నిలబడి చూసి, దేన్నీ తాకకుండా మళ్ళీ వేసేశాను. ఆ రోజు డ్యూటీకి బస్సులో వెళ్ళాను.