కారణం గడిలో ఏటి రాయాలి

నా ఉద్యోగం ఏటని మావాళ్ళెవరైనా అడిగితే ఇప్పటికీ తిన్నగా చెప్పలేను. మాది విజయనగరం. ఇంట్లో ఒకరు సంగీతం చెప్తే ఒకరు బడిలో లెక్కలు చెప్తారు. నేనొక్కదాన్నే రోజూ బస్సెక్కి శ్రీకాకుళంలో ఒక కళ్ళజోళ్ళ కొట్టు మీద మేడలో ఉన్న చిన్న ల్యాబుకి పోతాను. మనిషి రక్తంలో జన్యువు తాలూకు అక్షరాలు చదివించి, అందరికీ ఉండే అక్షరం కాకుండా ఇంకోటి కనబడితే దాన్ని మార్పు అంటాం. ఆ మార్పు జబ్బు తెస్తుందా, తేదా, ఏమీ చెప్పలేమా అని ఒక నిర్ణయానికొచ్చి, అన్ని దేశాల ల్యాబులూ చూసుకునే ఒక డేటాబేసుకి పంపుతాం. మనిషి పేరు పంపం. కొత్త సంగతి తెలిస్తే ఆ రికార్డుని మార్చాలి, తప్పని తేలితే వెనక్కి తీసుకోవాలి. ఈ పంపడం, మార్చడం, వెనక్కి తీసుకోవడం నా పని.

మా నాన్న ఇదంతా విని, "అంటే గుమస్తా పనే కదే" అన్నారు. ఒళ్ళు మండింది గాని, కాదనడానికి నోరు రాలేదు.

రెండేళ్ళ కిందట సముద్రం ఒడ్డు ఊరినుంచి ఒక పదహారేళ్ళ పిల్లని తీసుకొచ్చేరు. బడి పరుగుపందెంలో కళ్ళు తిరిగి పడిపోయిందట. నాన్న వేటకెళ్తాడు, అమ్మ గంప నెత్తినెట్టుకుని వీధుల్లో చేపలమ్ముతుంది. ఒక్కత్తే కూతురు. పోలీసు కానిస్టేబులు అవ్వాలని ఆ పిల్లకి పిచ్చి. "ఇసకలో పరిగెడితే కాళ్ళకి బలం మేడమ్, రోడ్డు మీద నన్నెవరూ పట్టుకోలేరు" అని, నేను చేతికి సూది గుచ్చుతుంటే గొప్పలు చెప్పింది.

గుండెకి సంబంధించిన జన్యువులో ఒక మార్పు కనబడింది. అమ్మానాన్నల రక్తం కూడా తీసి చూసేం. ఇద్దరికీ లేదు. తల్లికీ తండ్రికీ లేకుండా పిల్లలో కొత్తగా పుట్టిన మార్పంటే మా పనిలో పెద్ద అనుమానం. పైగా పిల్ల పడిపోయింది. "జబ్బు తెచ్చే అవకాశం ఎక్కువ" అని రాసి, కింద ఆధారాల్లో "తల్లి: పరీక్షించాం, లేదు. తండ్రి: పరీక్షించాం, లేదు" అని చేర్చి పంపేసేను. గుండె డాక్టరుగారు పరుగు మానెయ్యమన్నారు. పిల్ల ఏడవలేదు. రిపోర్టు కాయితం నా చేతిలోంచి లాక్కుని మెట్లు దిగిపోయింది. వెనకాలే వాళ్ళమ్మ, "ఒసే, మెల్లగా! మెల్లగా!" అని అరుస్తూ పరిగెట్టింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ పిల్లని నీళ్ళ బిందె కూడా ఎత్తనివ్వలేదని తరవాత తెలిసింది.

ఈ ఏడాది అదే ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ రక్తం కొంత సేకరించేం, పోల్చి చూసుకోడానికి. అందులో ఒకావిడకి అచ్చంగా అదే మార్పు. యాభై దాటిన మనిషి. ఇప్పటికీ గంప మోస్తూ మైళ్ళు నడుస్తుంది, గుండె స్కాను శుభ్రంగా ఉంది. ఆవిడకి సొంత ఫోను లేక చెల్లెలి నంబరు ఇచ్చింది. ఆ నంబరు ఎక్కడో చూసేననిపించి పాత ఫైలు తీస్తే, అది ఆ పిల్ల వాళ్ళమ్మ నంబరు.

అంటే ఆవిడ పిల్లకి పెద్దమ్మ. బాగానే ఉంది. మరి పెద్దమ్మకి ఉండి, అమ్మకి లేకుండా, నాన్నకి లేకుండా, పిల్లకి ఎలాగొచ్చింది? నా బుర్ర పనిచెయ్యలేదు. గోడకున్న బోర్డు మీద వాళ్ళ చుట్టరికం బొమ్మ గీసుకున్నాను, చెరిపేసేను, మళ్ళీ గీసేను. ఎట్నుంచి గీసినా కుదర్లేదు. ఇహ ఒకటే దారి కనబడింది. రెండేళ్ళ కిందట నేనే సీసాలు తారుమారు చేసేశాను. అమ్మ రక్తం మీద ఇంకెవరి చీటీయో అంటించేశాను. నా పొరపాటుకి ఆ పిల్ల బతుకు ఆగిపోయింది. మూడు రోజులు అన్నం సయించలేదు. ఇంట్లో అందరిమీదా కయ్యిమన్నాను. మా అమ్మ భయపడి, "ఏటయిందే నీకు, దెయ్యంగాని పట్టిందా?" అంది.

నాలుగోరోజు ఆ పిల్ల వాళ్ళ ఊరెళ్ళేను. వాళ్ళమ్మ ఇంటిముందు ఎండుచేపలు తిరగేస్తోంది. పిల్ల అరుగుమీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. "ఇంకొక్కసారి మీ రక్తం ఇవ్వాలమ్మా, మా దగ్గర సీసాలు తారుమారయ్యేయేమోనని అనుమానం" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పిల్లవైపు ఒక చూపు చూసి, "నానివ్వను" అంది.

"ఒక్క సీసా అమ్మా."

"ఇవ్వనంటే ఇవ్వను. ఎల్లిపో అమ్మా. మళ్ళీ మా గుమ్మంలోకి రాకు."

మంచికెళ్తే తిట్టించుకోవడం ఏటి ఖర్మ అని, బస్సులో దారిపొడుగునా సణుక్కుంటూ వచ్చేను.

మర్నాడు పొద్దున్న నేను ల్యాబు తలుపు తీసేసరికి ఆవిడ మెట్లమీద కూర్చునుంది. గంప లేదు. ఒక్కత్తే వచ్చింది. లోపలికి రమ్మన్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సీసాలు తప్పలేదమ్మా" అంది. "నువ్వు రాసినదంతా సరిగ్గానే ఉన్నాది. నానే సెప్పలేదు."

ఆవిడకి పిల్లలు పుట్టలేదు. వాళ్ళక్కకి మూడోసారీ ఆడపిల్ల పుట్టింది. "పురుడు తీరిన దినం మా అప్ప ఆ గుంటని అమ్మోరి ముందర నా ఒళ్ళో ఎట్టీసింది. ఒళ్ళో ఎట్టీసినాక మళ్ళీ నాది అనకూడదు. మా కాడ అదే కట్టు. ఈదిలో అందరికీ తెలుసు, ఒక్కలు నోరిప్పరు. గుంటకి మాత్రం తెల్దు. మీరు కాయితం మీద తల్లెవరని అడిగేరు. నానేనని సెప్పేను. అది అబద్ధమా? మరేటి సెప్పాలమ్మా నాను?"

కన్నవాళ్ళేనా కాదా అని తేల్చడానికి వేరే పరీక్ష ఉంటుంది. మేం చెయ్యలేదు. ఎదురుగా అమ్మా నాన్నా కూతురి చెయ్యి పట్టుకుని కూర్చునుంటే ఆ మాట అడగడానికి ఎవరికి నోరొస్తుంది? అడక్కపోవడం మా తప్పే. అడిగుంటే అదీ తప్పులాగే ఉండేది.

"మా అప్పకీ అదే మార్పున్నాదని మీరు సెప్పేరట. దానికుండి ఏటీ అవనేదంటే, గుంటకీ అవదు కదా?" అని అడిగింది.

"డాక్టరుగారు మళ్ళీ చూడాలమ్మా. కానీ మేం భయపెట్టినంత అయితే లేదు."

"అయితే గుంటని పరిగెట్టనీ. నా మాట మాత్రం ఏ కాయితంలోనూ రానీకు." అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు.

ఆవిడ ఒప్పుకున్నాక ల్యాబు నడిపే మా సారుకి మాత్రం నిజం చెప్పేను. సారు మంచాయనే గాని చాదస్తం. "రికార్డు మార్చు, వెనక్కి తియ్యకు. కొత్త మార్పు కాదు, తల్లి నుంచి వచ్చిందని రాయి. ఏ ఊళ్ళోనో ఇంకో పిల్లకి ఇదే మార్పుంటే వాళ్ళకీ భయం తగ్గుతుంది" అన్నారు. సబబైన మాటే. కానీ రికార్డు మారిస్తే కొత్త రిపోర్టు ఇంటికెళ్ళాలి. పాత రిపోర్టులో తల్లికి లేదనీ, కొత్త రిపోర్టులో తల్లి నుంచి వచ్చిందనీ ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడ్డానికి ఆ పిల్లకి ఎంతసేపు? ఆ మాటే అన్నాను.

"పద్దెనిమిది నిండిన పిల్ల. దాని రక్తం గురించి దానికి తెలియొద్దా?" అన్నారు సారు.

అదీ సబబే. అక్కడే నా మతి పోయింది. పిల్ల మాట తలుచుకుంటే అమ్మకి అన్యాయం చేస్తున్నట్టుంది, అమ్మ మాట తలుచుకుంటే పిల్లని మోసం చేస్తున్నట్టుంది. వాదించుకుని వాదించుకుని, ఆఖరికి ఒక దారి పట్టుకున్నాం. పెద్దమ్మని అడిగి, ఆవిడ మార్పుని వేరే రికార్డుగా పంపేం, ఆరోగ్యంగా ఉన్న మనిషి అని మాత్రం రాసి, ఎవరికీ చుట్టరికం చూపకుండా. పిల్ల రికార్డుని వెనక్కి తీసుకోమని అర్జీ పెట్టేం. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. కర్సరు మినుకుమినుకుమంటోంది, రెండుసార్లు కొట్టి చెరిపేసేను. చాలాసేపటికి "సమర్పించినవారి పొరపాటు" అని కొట్టేను. అది నిజమా అంటే నిజమే. అంతా నిజమా అంటే ఇప్పటికీ తెలీదు. పిల్ల ఇంటికీ అదే ముక్క రాసి, పాత రిపోర్టు చెల్లదని ఉత్తరం పంపేం.

డాక్టరుగారు పిల్లని మళ్ళీ పరీక్షించి, యంత్రం మీద పరిగెత్తించి చూసేరు. ఆ రోజు పొద్దున్న ఏమీ తినకుండా ఎండలో పరిగెట్టి పడిపోయిందని తేల్చి, నిక్షేపంగా పరిగెట్టుకోమన్నారు.

మా ఉత్తరం పట్టుకుని తల్లీ కూతుళ్ళు మా మేడెక్కేరు. పిల్ల మొహం ఎర్రగా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రెండేళ్ళు మేడమ్! నాతో పరిగెట్టినోళ్ళు సెలక్షన్లకి కూడా ఎల్లొచ్చేరు. నాను అరుగుమీద కూకున్నాను. మీ పొరపాటట! ఎంత సుళువుగా రాసీసారు! మా అమ్మ ఎంత ఏడిసిందో మీకేటి తెలుస్తాది? నా రక్తంలో లేనిది నా గుంటకి ఎలాగొచ్చిందని గుండె బాదుకుంది మా అమ్మ!"

ఆవిడ నేలచూపులు చూస్తోంది. నాకు కోపం తన్నుకొచ్చింది, నిజం నాలిక చివరికొచ్చింది. "తప్పు నాదే అమ్మా, క్షమించు" అన్నాను.

"ఊరుకోవే" అంది ఆవిడ మెల్లగా. "మనుసులన్నాక తప్పులు సెయ్యరా ఏటి?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల ఇంకేదో అనబోయి, చెయ్యి విసిరి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయింది.

"మెల్ల..." అని అరవబోయి ఆవిడ నోరు మూసుకుంది.

నావైపు తిరిగి, "ఇప్పుడు ఆ కంప్యూటర్లో ఏటున్నాది?" అని అడిగింది. పాత నంబరు కొట్టి చూపించేను. పంపినవారి కోరికపై వెనక్కి తీసుకున్నారు అన్న ఒక్క ముక్క ఉందక్కడ. చదివి చెప్పేను.

"నా గురించి?"

"ఏమీ లేదమ్మా. అంతా పోయింది."

"మునుపు తల్లి అని రాసుండేది కదా. అదీ పోయిందా?"

అవునన్నాను. ఆవిడ తెరమీద ఖాళీగా ఉన్నచోట వేలుపెట్టి, తుడిచినట్టు ఒకసారి రుద్దింది.

కింద రోడ్డుమీంచి పిల్ల గట్టిగా కేకేసింది. "అమ్మా! బస్సెల్లిపోతాది, రాయే!"

"వస్తన్నానే" అంటూ ఆవిడ గబగబా మెట్లు దిగింది.